కార్తీక స్నానాల రోజు సముద్రపు ఒడ్డున కావలి కాయడం ఎలా? స్కౌట్లకు, గైడ్లకు

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున సూర్యలంక, మంగినపూడి, అంతర్వేది, భీమిలి, విశాఖ ఆర్కే బీచ్, ఎక్కడ చూసినా ఇసుక కనబడనంత జనం ఉంటారు. అలాంటి రోజుల్లో పోలీసులు, గజ ఈతగాళ్లతో పాటు స్కౌట్లు, గైడ్లు కూడా సేవకు వెళ్తుంటారు. మనవాళ్లకు ఎక్కువగా అప్పజెప్పేది క్యూలు సర్దడం, మంచినీళ్లు అందించడం. అవీ కావాల్సిన పనులే. కానీ పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు పెద్దవాళ్లతో సమానంగా చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. నీళ్ల మీంచి చూపు తిప్పకుండా కావలి కాయడం.

ఎలా చేయాలో చెప్పేముందు ఒక నియమం. కావలి కాసే స్కౌట్ ఎవరి కోసమూ లోతు నీళ్లలోకి దిగడు. ఈత ఎంత బాగా వచ్చినా సరే, మోకాలి లోతు దాటడు. మీ పని ముందుగా చూడడం, చూసింది వెంటనే సరైన మనిషికి చెప్పడం. ఒకరు మునిగిపోతుంటే కాపాడబోయి ఇంకో ఇద్దరు పోయారన్న వార్త మన తీరంలో ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ ఇద్దరిలో మీరు ఉండకూడదు.

ఆ రోజు ఎందుకంత కష్టమైన రోజు?

పౌర్ణమికి, అమావాస్యకి సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి. పోటు మామూలు కంటే పైకి వస్తుంది, ఆటు మామూలు కంటే కిందికి పోతుంది. విశాఖ దగ్గర ఆ రోజుల్లో రెండిటికీ తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. వినడానికి తక్కువే అనిపిస్తుంది. సూర్యలంకలాగా వాలు తక్కువున్న తీరంలో అదే తేడా నీటి అంచును పదుల మీటర్లు ముందుకీ వెనక్కీ జరుపుతుంది. ఇప్పుడు మన సముద్ర స్నానాలు ఎప్పుడు వస్తాయో చూడండి: కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, అమావాస్యలు, శివరాత్రి జాగరణ తెల్లవారాక చేసే స్నానం. శివరాత్రి కూడా అమావాస్యని ఆనుకునే వస్తుంది. అంటే ఒడ్డున జనం ఎక్కువుండే రోజులే సముద్రం ఎక్కువగా కదిలే రోజులు.

కార్తీక మాసం పడేది అక్టోబరు, నవంబరుల్లో. బంగాళాఖాతంలో తుపాన్ల కాలం కూడా అదే. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న, హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. ఒడ్డున ఎండ కాస్తున్నా, ఎక్కడో వందల మైళ్ల దూరంలో పుట్టిన తుపాను అలలు మన తీరానికి వచ్చేస్తాయి. ఆకాశం బాగుంది కదా అని సముద్రాన్ని నమ్మకండి.

ఇంకో రెండు సంగతులు. స్నానాలు మొదలయ్యేది చీకట్లో. వెలుతురు వచ్చాక, మనది తూర్పు తీరం కాబట్టి, సూర్యుడు సరిగ్గా మీరు చూస్తున్న నీళ్లలోంచే పైకొస్తాడు. దాదాపు రెండు గంటల సేపు ఆ తళతళలో తలలు నల్ల చుక్కల్లా తప్ప కనిపించవు. పైగా స్నానానికి వచ్చేవాళ్లు ఈత దుస్తుల్లో రారు. చీరలు, పంచెలు తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. ఉపవాసం ఉన్న పెద్దవాళ్లు మోకాలి లోతులోనే కళ్లు తిరిగి పడిపోతారు. మోకాలి లోతు నీళ్లలో కూడా మనిషి మునిగిపోగలడు.

ముందు రోజు చేయాల్సినవి

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం ఎలా ఉండబోతోందో రోజూ చెబుతుంది. అలల ఎత్తు, పోటు వేళలు, పెద్ద అలల హెచ్చరికలు వాళ్ల వెబ్‌సైట్లోనే చూడొచ్చు. పోటు పన్నెండున్నర గంటలకోసారి వస్తుంది. ఇవాళ ఏడింటికి పోటు ఉంటే రేపు సుమారు ఏడూ యాభైకి ఉంటుంది. మీ డ్యూటీ వేళలో నీళ్లు పైకి వస్తున్నాయా, వెనక్కి తీస్తున్నాయా అన్నది కాగితం మీద రాసుకోండి. తీసే వేళ లాగుడు ఎక్కువ. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇస్తే ఓడరేవుల్లో నంబరు సిగ్నల్ ఎగరేస్తారు. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని, పది అంటే మహాప్రమాదమని. ఏ నంబరు ఎగిరినా మీ కావలి కార్యక్రమం జరగాలా వద్దా అన్నది మీ స్కౌట్ మాస్టరు, పోలీసులు కలిసి తేల్చాల్సిందే.

తరువాత ఆ ఊరి జాలరిపేటకు వెళ్లండి. వల బాగుచేసుకుంటూ కూర్చున్న పెద్దాయన ఎవరైనా సరే, "తాతా, ఇక్కడ లాగుడు ఎక్కడుంటుంది? గుంట ఎక్కడుంది? పోయిన ఏడాది మనుషులు ఎక్కడ కొట్టుకుపోయారు?" అని అడగండి. వాళ్లు చెప్పే సమాధానం ఏ మ్యాపులోనూ దొరకదు. నదులు కలిసేచోటు గురించి ప్రత్యేకంగా అడగండి. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, హంసలదీవిలో కృష్ణ కలిసేచోటు, భీమిలిలో గోస్తనీ నది మొగ. ఇలాంటి చోట్ల అడుగున ఇసుక ఎప్పటికప్పుడు జరుగుతూ ఉంటుంది. నిన్న నడుము లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉండొచ్చు. అక్కడ జనం దిగకుండా తాళ్లు కట్టించమని ముందు రోజే అడగాలి. తెల్లారాక అడిగితే ఎవరూ వినిపించుకోరు.

ఈ నాలుగు నంబర్లు ప్రతి స్కౌట్ జేబులో చీటీ మీద ఉండాలి. ఫోన్లో మాత్రమే ఉంటే సరిపోదు. అత్యవసరానికి 112, అంబులెన్స్‌కి 108, కోస్ట్ గార్డ్‌కి 1554, తీర భద్రత పోలీసులకి 1093. ఆ రోజు డ్యూటీలో ఉండే గజ ఈతగాళ్లను పేరుతో పరిచయం చేసుకోండి. విజిల్ వేసి చెయ్యి చూపిస్తే "వీడు మన పిల్లాడే" అని వాళ్లకు తెలియాలి.

వెంట ఉండాల్సినవి: విజిల్, స్కౌట్ కర్ర, కనీసం ఇరవై మీటర్ల తాడు, ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బాలు రెండు, టార్చి, టోపీ, నోటు పుస్తకం, పెన్సిలు. తడిచేత్తో పెన్ను రాయదు. డబ్బా సంగతి తరువాత చెబుతాను.

ఎక్కడ నిలబడాలి?

నీటి అంచున నిలబడితే ముందు వరుస మనుషుల వీపులు తప్ప ఏమీ కనబడవు. కాస్త ఎత్తు వెతుక్కోండి. ఇసుక దిబ్బ, గట్టు, మెట్లు, పోలీసులు వేసిన మంచె, ఏదైనా సరే. నిలబడ్డ మనిషికి సముద్రం మీద దిగంతం నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పది మీటర్ల ఎత్తుకెళ్తే అది పదకొండు కిలోమీటర్లు దాటుతుంది. పడవల కోసం చూసేవాళ్లకు ఆ లెక్క కావాలి. స్నానాల కావలికి ఎత్తు ఇంకో కారణంతో కావాలి. పైనుంచి చూస్తే రెండు అలల మధ్య పల్లంలో ఉన్న తల కూడా కనిపిస్తుంది.

ఇద్దరిద్దరుగా ఉండండి. ఒకరు చూస్తారు, ఇంకొకరు మిగతా పనులన్నీ చేస్తారు: నోటు రాయడం, ఎవరైనా వచ్చి దారి అడిగితే చెప్పడం, ఫోను తీయడం. చూసే మనిషితో ఎవరూ మాట్లాడకూడదు. అరగంటకు మించి ఒకే మనిషి చూడకూడదు. ఇరవై నిమిషాలకే కళ్లు చూస్తూనే ఉంటాయి గానీ మనసు ఎక్కడికో పోతుంది. మారేటప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు నీళ్ల వైపు చూడడం మొదలుపెట్టాకే పాతవాళ్లు కళ్లు తిప్పాలి. ఆ పది సెకన్లలో, "ఎర్ర చొక్కా కుర్రాళ్లు నలుగురు లోతుకు పోతున్నారు, ఎడమ చివర ముసలావిడ ఒంటరిగా ఉంది" అని అప్పజెప్పాలి.

మీ జంటకు ఇచ్చిన హద్దులు రెండు గుర్తులతో తెలియాలి. ఈ కరెంటు స్తంభం నుంచి ఆ పసుపు షామియానా దాకా మాది, ఆ తరువాతది పక్క జంటది. కుడి, ఎడమ అనే మాటలు ఫోన్లో గందరగోళం చేస్తాయి, ఎందుకంటే సముద్రం వైపు చూసేవాడి కుడి ఊరి వైపు చూసేవాడికి ఎడమ. ఆర్కే బీచ్‌లో అయితే "భీమిలి వైపు", "హార్బర్ వైపు" అనండి. కురుసుర సబ్‌మెరైన్, కాళీమాత గుడి లాంటి అందరికీ తెలిసిన గుర్తులు వాడండి.

జనం దిగకముందే నీళ్లను చదవండి

కనీసం పావుగంట సముద్రాన్నే చూడండి. అలలు ఒక్కో గుంపుగా వస్తాయి. కొన్ని నిమిషాలు చిన్న అలలు, తరువాత వరసగా నాలుగైదు పెద్దవి. చిన్న అలలు చూసి దిగినవాళ్లను పెద్ద గుంపు పడేస్తుంది. ఆ పెద్ద అల నీళ్లు ఇసుక మీద ఎక్కడి దాకా వచ్చాయో గీత గీయండి. పిల్లల్ని, సామాన్లను ఆ గీతకు ఇవతలే ఉంచమని చెప్పడానికి మీకొక ఆధారం ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోవాలి కదా. అవి ఒకచోట చేరి, ఇసుక మేటల మధ్య ఉన్న సందులోంచి సన్నటి కాలువలా వెనక్కి పరుగెడతాయి. ఆ కాలువలో కాలుపెట్టిన మనిషిని లోపలికి లాక్కుపోతాయి. మామూలుగా సెకనుకు ఒకటి రెండు అడుగుల వేగం. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు ఎనిమిది అడుగులు కూడా దాటుతుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. జనం దీన్ని సుడిగుండం అనుకుంటారు. ఇది మనిషిని కిందికి లాగదు, దూరంగా లాక్కెళ్తుంది. భయపడి ఎదురీది, అలిసిపోయి మునిగిపోతారు.

దీన్ని గుర్తుపట్టడంలో ఒక మెలిక ఉంది. రిప్ ఉన్నచోట అలలు విరగవు. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగులో ప్రశాంతంగా కనిపించే పట్టీ. పిల్లలున్న కుటుంబాలు ఏరికోరి అక్కడే దిగుతాయి, "ఇక్కడ అలలు లేవు, భయం లేదు" అనుకుని. ఆ పట్టీలో నీళ్లు బురద రంగులో ఉండి, నురగ, చెత్త సముద్రం వైపు పోతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. విశాఖలోలాగా రాళ్లున్న తీరంలో ఆ రాళ్ల పక్కనే ఇది తరచూ ఉంటుంది.

కార్తీక మాసంలో మీకు ఇంకొక సాయం కూడా దొరుకుతుంది. జనం అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. అలలకు దీపం కాసేపట్లోనే ఆరిపోతుంది, దొప్ప మాత్రం తేలుతూనే ఉంటుంది. ఆ దొప్పల్ని చూడండి. ఎక్కువ దొప్పలు అలతో పాటు ఇసుక మీదికి వచ్చేస్తాయి. కొన్ని తీరం వెంబడి ఒకే వైపు జరుగుతూ పోతాయి. ఈశాన్య గాలుల కాలం కాబట్టి చాలాసార్లు అవి దక్షిణం వైపే పోతాయి, అంటే సముద్రం వైపు చూసే మీకు కుడి పక్కకి. మనుషులు కూడా తెలియకుండానే అటే జరిగిపోతారు. బట్టలు పెట్టిన చోటు ఎదురుగా దిగినవాళ్లు పది నిమిషాల్లో ఇంకెక్కడో తేలతారు. ఒకచోట మాత్రం నాలుగైదు దొప్పలు దగ్గరగా చేరి, అలల్ని దాటుకుంటూ లోపలికి పోతుంటాయి. కావలి జంటల్లో బాగా చూడగలిగినవాళ్లను ఆ చోటుకు ఎదురుగా పెట్టండి. పోలీసులకు చెప్పి అక్కడ ఎర్ర జెండా పాతించండి.

జెండాల సంగతి కూడా తెలిసి ఉండాలి. ఎర్ర జెండా ప్రమాదం. ఎరుపు, పసుపు సగం సగం ఉన్న జెండాలు రెండు పాతితే, వాటి మధ్య లైఫ్‌గార్డులు చూస్తున్నారని అర్థం. రెండు ఎర్ర జెండాలు ఒకదాని మీద ఒకటి ఉంటే అసలు నీళ్లలో దిగకూడదు.

కళ్లు ఎలా కదపాలి?

మొత్తం ఒకేసారి చూద్దామనుకుంటే ఏదీ కనబడదు. మీ హద్దును ముక్కలు చేసుకోండి. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు. ఒక్కో పిడికిలి ముక్క మీద రెండు మూడు సెకన్లు కళ్లు నిలపండి, తరువాత పక్క ముక్క. చివరిదాకా వెళ్లాక అటునుంచి ఇటు రండి. కుడి నుంచి ఎడమకు చూడడం మనకు అలవాటు లేని దిశ, అందుకే అటు చూసినప్పుడు కళ్లు నెమ్మదిస్తాయి, ఎక్కువ పట్టుకుంటాయి. ప్రతి ముక్కలో లోతున ఉన్నవాళ్లను ముందు చూడండి, ఒడ్డున ఉన్నవాళ్లను తరువాత.

చీకట్లో కళ్లు అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో ఒక్కసారి ఫోను స్క్రీను చూశారంటే మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం కట్టుకోండి. చీకట్లో దేన్నైనా సూటిగా కాకుండా కాస్త పక్కకు చూస్తే బాగా కనబడుతుంది, కంటి అంచులకు మసక వెలుతురులో చూపు ఎక్కువ. కానీ నిజం చెప్పాలంటే, చీకట్లో జనం మధ్య కావలికి హద్దులున్నాయి. లైట్లు లేని చోట తెల్లవారేదాకా నడుము లోతు దాటనివ్వకూడదని పోలీసులతో ముందే మాట్లాడుకోవడమే మేలు. ఎండ తళతళ మొదలయ్యాక టోపీ అంచు కిందికి దించండి, వీలైతే జంటలో ఒకరు యాభై అడుగులు పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి.

మునిగిపోతున్న మనిషి ఎలా ఉంటాడు?

ఈ భాగాన్ని మీ పెట్రోల్‌లో, అంటే మీ స్కౌట్ జట్టులో, అందరికీ చదివి వినిపించండి. మునిగిపోయేవాడు చేతులు ఊపుతూ "కాపాడండి" అని అరుస్తాడని సినిమాలు నేర్పాయి. అరవగలిగినవాడికి ఇంకా ఊపిరి ఉంది, అతను కష్టంలో ఉన్నాడు, సాయం చేయాలి. నిజంగా మునిగిపోయేవాడు అరవడు. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డు మునిగిపోతున్నవాళ్ల ఫిల్ములు తీసి, పదేపదే చూసి చెప్పిన విషయం ఇది. నీళ్ల పైన ఆ పోరాటం నడిచేది 20 నుంచి 60 సెకన్లు మాత్రమే.

గుర్తులు ఇవి. నోరు నీటి మట్టానికే ఉంటుంది, ఒకసారి మునుగుతుంది, ఒకసారి పైకి వస్తుంది. తల వెనక్కి వాలి ఉంటుంది. జుట్టు కళ్ల మీద పడినా తీసుకోరు. శరీరం నీళ్లలో నిటారుగా ఉంటుంది, కాళ్లు తన్నుతున్న జాడ ఉండదు. చేతులు పైకి లేవవు. రెండు పక్కలా నీటిని కిందికి నొక్కుతూ, కనబడని నిచ్చెన ఎక్కుతున్నట్టు కదులుతాయి. చూపు ఎటూ నిలవదు. ఒడ్డు వైపు ముఖం పెట్టి ఈదుతున్నట్టే ఉంటారు గానీ ఒక్క అడుగు ముందుకు రారు.

జనంలో ఇవన్నీ ఒకేసారి కనబడవు. కాబట్టి చిన్న తేడాలు పట్టుకోండి. గోల చేస్తున్న పిల్లాడు ఉన్నట్టుండి నిశ్శబ్దం అయిపోతే అనుమానించండి. నలుగురు కుర్రాళ్లు దిగితే ప్రతి అలకీ నాలుగు తలలు లెక్కపెట్టండి. అల దాటాక మూడే ఉంటే నాలుగోది కనబడేదాకా కళ్లు తీయకండి. సెల్ఫీ కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డవాళ్లను, పిల్లల చెయ్యి వదిలేసి ఫోను పట్టుకున్న తండ్రిని, గాలి నింపిన ట్యూబు మీద కూర్చున్న పిల్లల్ని గుర్తుపెట్టుకోండి. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలికి ట్యూబు ఎంత దూరం పోతుందో దాని మీద కూర్చున్నవాళ్లకు తెలియదు.

అనుమానం వస్తే విజిల్ వేయండి. తప్పయితే ఏమవుతుంది? ఎవరో ఒకాయన "నాకేం కాలేదు బాబూ" అంటాడు. అంతే.

కనిపించిందా? ఇప్పుడు ఇలా చేయండి

1. చూసినవాళ్లు చెయ్యి చాపి ఆ మనిషి వైపు చూపిస్తూ అలాగే నిలబడాలి. కళ్లు తిప్పకూడదు, రెప్పపాటు కూడా. నీళ్లలో తల ఒకసారి మాయమైతే మళ్లీ వెతకడం చాలా కష్టం. ఈతగాళ్లు మీ చెయ్యి చూసే దారి పట్టుకుంటారు.

2. జంటలో రెండోవాళ్లు పొట్టి విజిళ్లు ఆపకుండా వేస్తూ ఈతగాళ్లను పిలవాలి, వెంటనే 112కి ఫోను చేయాలి. "ఆర్కే బీచ్, కాళీమాత గుడి ఎదురుగా, హార్బర్ వైపు వంద అడుగులు. ఒక మనిషి, మగ, నీలం చొక్కా. ఒడ్డుకు నలభై మీటర్లు. లోపలికి పోతున్నాడు. ఈతగాడు బయల్దేరాడు." ఎక్కడ, ఏమిటి, ఎంతమంది, ఇప్పుడు ఏం జరుగుతోంది. ఈ వరసలోనే చెప్పండి. లైను మధ్యలో తెగినా చోటు ముందే చెప్పేసి ఉంటారు.

3. అందేంత దగ్గరుంటే స్కౌట్ కర్ర చాపండి. మీరు బోర్లా పడుకోండి లేదా వెనక ఒకరు మీ బెల్టు పట్టుకోవాలి.

4. అందకపోతే డబ్బా విసరండి. నూనె డబ్బాలో పావు లీటరు నీళ్లు పోసి మూత బిగించండి, పూర్తిగా ఖాళీ డబ్బా గాలికి ఎటో పోతుంది. పిడికి బోలైన్ ముడితో తాడు కట్టి ఉండాలి, లాగినా బిగుసుకోదు, జారదు. తాడు రెండో కొస కాలి కింద తొక్కిపెట్టండి. మణికట్టుకు చుట్టుకోకండి, బరువు పడితే మిమ్మల్నే లాక్కుపోతుంది. మనిషి తల దాటించి విసిరి, తాడు అతని భుజం మీద పడేలా లాగండి.

5. కేకేయండి: "తేలండి! ఎదురీదొద్దు! పక్కకి, పక్కకి!" రిప్‌లో ఉన్నవాళ్లు వెల్లకిలా తేలి ఊపిరి నిలుపుకోవాలి, తీరం వెంబడి పక్కకు ఈది ఆ కాలువ దాటాక అలలతో పాటు ఒడ్డుకు రావాలి.

6. జనం చేతులు పట్టుకుని గొలుసుగా దిగబోతే ఆపండి. ఒక పెద్ద అల చాలు ఆ గొలుసు తెగి పది మంది నీళ్లలో పడడానికి. పెద్దవాళ్లు మీ మాట వినకపోతే పోలీసును పిలవండి.

ఒడ్డుకు తెచ్చాక

మన దగ్గర ఇంకా కనిపించే పద్ధతి, మనిషిని తలకిందులుగా పట్టుకోవడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. ఇది చేయనివ్వకండి. పొట్టలో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఉందా లేదా పది సెకన్లలోపు చూడాలి. ఊపిరి ఉంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడి బట్టలు తీసి దుప్పటి కప్పాలి. లేకపోతే శిక్షణ ఉన్నవాళ్లు సీపీఆర్ మొదలుపెట్టాలి. నీళ్లలో మునిగినవాళ్లకు కావాల్సింది గాలి, కాబట్టి ముందు నోటితో ఊపిరి ఇచ్చి, తరువాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిర్లు, ఆ వరస ఆపకుండా. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకయితే ఐదు సెంటీమీటర్ల లోతు. ఈ శిక్షణ స్కౌటింగ్‌లో దొరుకుతుంది, బీచ్ డ్యూటీకి రాకముందే తీసుకోండి. లేచి కూర్చుని "నాకు బాగానే ఉంది" అన్నా ఆస్పత్రికి పంపించాల్సిందే. కొన్ని గంటల తరువాత కూడా ఊపిరి తీసుకోవడం కష్టం కావచ్చు.

తప్పిపోయిన పిల్లలు

ఆ రోజు మీ నోటు పుస్తకంలో ఎక్కువగా నిండేది ఇదే. పిల్ల కనబడలేదని తల్లి వస్తే మొదట నీళ్ల వైపే వెతకండి, తరువాతే దుకాణాలు. వయసు, బట్టల రంగు, చివరిగా ఎక్కడ చూశారో అడిగి అన్ని జంటలకూ చేరవేయండి. తల్లిని అక్కడే ఉండమనండి, ఆమె కూడా తిరుగుతుంటే ఇద్దరినీ వెతకాల్సి వస్తుంది. పొద్దున్నే వచ్చేవాళ్ల పిల్లల చేతి మీద బాల్‌పెన్నుతో ఫోను నంబరు రాస్తే ఈ గొడవ సగం తప్పుతుంది.

దూరంగా చూసేవాళ్లకు

ఎత్తు మీదున్న జంట అప్పుడప్పుడు దిగంతం వైపు కూడా చూడాలి. పడవలో మనిషి రెండు చేతులూ పక్కలకు చాపి నెమ్మదిగా పైకీ కిందికీ ఊపుతున్నాడంటే అది పలకరింపు కాదు, ప్రపంచమంతా ఒప్పుకున్న ఆపద సంకేతం. నారింజ రంగు పొగ, ఎర్ర వెలుగు, మూడు పొట్టి, మూడు పొడుగు, మూడు పొట్టి మెరుపులు కూడా అంతే. తెడ్డుకు గుడ్డ కట్టి ఊపినా ఆపదగానే తీసుకోండి. 1554కి చెప్పేటప్పుడు దిక్సూచితో చూసిన దిశ, దూరం అంచనా, పడవ రంగు, దాని మీద IND-AP అని మొదలయ్యే నంబరు కనిపిస్తే అదీ చెప్పండి.

మెరుపు కనబడి ముప్ఫై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉంది. అందరినీ నీళ్లలోంచి, తాటిచెట్ల కింద నుంచి పంపించేయండి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా మళ్లీ దిగనివ్వకండి.

సముద్రం ఉన్నట్టుండి చాలా దూరం వెనక్కి పోయి అడుగున చేపలు, రాళ్లు బయటపడినా, నీళ్లు వింతగా నురగలు కక్కుతూ పొంగినా ఎవరి ఆర్డరు కోసమూ ఆగొద్దు. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల బ్రిటిష్ పాప అలాంటి నీళ్లనే చూసింది. రెండు వారాల ముందే బడిలో భూగోళం పాఠంలో సునామీ గురించి విన్నది గుర్తొచ్చి అమ్మానాన్నలకు చెప్పింది. వాళ్లు బీచ్ ఖాళీ చేయించారు. అదే రోజు ఆ అలలు మన కోస్తా తీరాన్ని కూడా తాకాయి. ఇప్పుడు ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది, కానీ ఒడ్డున నిలబడ్డ మీ కళ్లు కూడా దానికి తోడు ఉండాలి.

ఇంటి దగ్గర సాధన

ట్రూప్ మీటింగులో తాడు, డబ్బా విసిరే పోటీ పెట్టండి. పదిహేను మీటర్ల దూరంలో సైకిల్ టైరు పెట్టి దాన్ని దాటించి వేయాలి. కిమ్స్ గేమ్‌ను (చూసినవాటిని గుర్తుపెట్టుకునే ఆట) కదిలే మనుషులతో ఆడండి. మైదానంలో పది మంది తిరుగుతుంటే ఒకరు మెల్లగా కూర్చుండిపోవాలి, కావలివాళ్లు ఎన్ని సెకన్లకు పట్టుకున్నారో లెక్కపెట్టండి. పది సెకన్లలోపు పట్టుకునేదాకా ఆడండి.

డ్యూటీ అయిపోయాక మీ పెట్రోల్‌ను తలలు లెక్కపెట్టుకోండి, తరువాత నోటు పుస్తకం తీయండి. విజిల్ వేసిన ప్రతిసారీ ఏ వేళ, ఏ గుర్తుకు ఎదురుగా, పోటా ఆటా అన్నది ఆ తీరం పటం ఒకటి గీసి దాని మీద చుక్కలుగా పెట్టండి. చుక్కలు ఎక్కడ గుంపుగా పడ్డాయో చూసుకుని, ఆ పటం కాపీ ఒకటి తీర భద్రత పోలీసులకు ఇవ్వండి, ఇంకొకటి ట్రూప్ ఫైల్లో ఉంచండి. మాఘ పౌర్ణమికి వచ్చే జంటలు ఆ పటం చూసి ఎక్కడ నిలబడాలో తేల్చుకుంటారు. ఇసుక జరిగి ఉంటుంది కాబట్టి, వాళ్లు మళ్లీ జాలరిపేటకు వెళ్లి అడగాలి.